నలభై నాలుగో గొర్రె

ఉదయగిరి వైపు పోయి వచ్చానని చెప్పగానే మా స్కూల్లో అందరూ అడిగింది ఒకటే: "దుర్గం ఎక్కారా?" ఎక్కలేదు. కొండను కింద నుంచి చూసి, మెడ నొప్పి పుట్టించుకుని వచ్చాను. నేను వెళ్ళింది కోట కోసం కాదు, గొర్రెల కోసం. ఇంకా నిజం చెప్పాలంటే, నా సినిమా మిషను గొప్ప నలుగురికీ చూపించుకోవడం కోసం. ఆ గొప్ప ఎక్కడ దిగిపోయిందో, దాన్ని ఎవరు మళ్ళీ నిలబెట్టారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను కోవూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్తాను. రెండేళ్ళ క్రితం మద్రాసు మూర్ మార్కెట్లో, పాత సామాన్ల కొట్లో, చేత్తో తిప్పే చిన్న ప్రొజెక్టరు ఒకటి దొరికింది. దానితో పాటు మూడు రీళ్ళు. దీపం లేదు. ఉన్నా దాన్ని వెలిగించే కరెంటు మా చుట్టుపక్కల ఊళ్ళల్లో లేదు. అందుకని నేనొక ఉపాయం చేశాను. ఒక గదిని పూర్తిగా చీకటి చేసి, బయట ఎండలో నిలువుటద్దం పెట్టి, ఆ వెలుగును చిన్న కంతలోంచి లోపలున్న ప్రొజెక్టరు మీదికి మళ్ళించాను. గోడ మీద బొమ్మ పడింది. సూర్యుడు జరుగుతుంటాడు గనుక బయట ఒక మనిషి నిలబడి అద్దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతుండాలి. లోపల నేను మర ఆపకుండా తిప్పాలి. ఆపితే అంత ఎండా ఒకే చోట పడి రీలు కాలిపోతుంది. మా పిల్లలు దీనికి 'ఎండ సినిమా' అని పేరు పెట్టారు.

ఈ సంగతి తెలిసి ఆత్మకూరు నుంచి రంగనాథం ఉత్తరం రాశాడు. వాడు నాతో చదువుకున్నవాడు, ఇప్పుడు పశువుల డాక్టరు. తొలకరి వాన పడి లేత గడ్డి మొలిచినప్పుడు, దాన్ని ఆబగా మేసిన గొర్రెలు పొద్దున బాగుండి సాయంత్రానికి కాళ్ళు కొట్టుకుని చచ్చిపోతాయి. చిటుకు రోగం అంటారు. దానికి టీకా వచ్చింది. కానీ పోయిన ఏడు వాడు సూది తీసుకుని వరికుంటపాడు వైపు వెళ్తే, సూదికి భయపడి మందలన్నీ కొండ మీదికి తోలేశారట. "నీళ్ళలో పురుగుల రీలు ఉందన్నావు గదా. కంటికి కనపడని పురుగులు ఉంటాయని ఒకసారి కళ్ళారా చూస్తే సూదికి ఒప్పుకుంటారు. వానలు రాకముందే రా" అని రాశాడు. చివర, నెల్లూరు నుంచి ఊకలో కప్పి ఐసుగడ్డ కూడా తెమ్మన్నాడు.

ఆత్మకూరు

బస్సు టాపు మీద అద్దం, ఒళ్ళో ప్రొజెక్టరు పెట్టె, కాళ్ళ కింద ఐసు. ఊకలోంచి కారిన నీళ్ళకు ముందు సీటాయన చెప్పులు తడిశాయి. ఆయన వెనక్కి తిరిగి పెట్టెను చూసి, "హార్మోనియమా?" అన్నాడు.

"కాదండీ, సినిమా మిషను. ఎండతో ఆడుతుంది."

"ఎండ చూసేదానికి టికెట్టు కూడా పెడతావా ఏంది?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ తర్వాత ఆత్మకూరు దాకా ఆయనే తన చెప్పులు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు, నా ఐసును మాత్రం కదపనివ్వలేదు.

పెన్న ఒడ్డున పెరిగినవాణ్ణి నేను. నీళ్ళంటే నాకు కాలవలో పారేవి. ఆత్మకూరు దగ్గరికి వచ్చేసరికే పొలాల రంగు మారింది. వరి పోయి జొన్న, సజ్జ కోసిన మొదళ్ళు, వాటి మధ్య ఎర్ర మట్టి. బస్టాండు ఎదురుగా హోటల్లో అణాకు రెండు ఇడ్లీలు పెట్టారు. మా ఊళ్ళో కంటే పెద్దవి. కారప్పొడి మాత్రం మా ఊరి దానికి తాతలాంటిది. ఒక ముద్దకే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. సర్వరు జాలిపడి అడక్కుండానే మజ్జిగ తెచ్చి పెట్టాడు.

రంగనాథం టీకా సీసాలను పెద్ద ఫ్లాస్కులో ఐసు మధ్య సర్దాడు. "ఇది నిలిచేది మూడు రోజులు. మహా అయితే నాలుగు. ఆ తర్వాత మందు పనికి రాదు" అన్నాడు. మిగిలిన దారంతా ఆ ఫ్లాస్కును వాడు చంటిబిడ్డను మోసినట్టు మోశాడు.

ఉదయగిరి

ఉదయగిరిలో దిగి టాపు మీద నుంచి సామాను దించేసరికి నా అద్దం స్టాండు మూడు ముక్కలై ఉంది. అద్దం నా పరుపు చుట్టలో ఉండబట్టి బతికింది. స్టాండు లేకపోతే అద్దం తిప్పడం కుదరదు. నేను వీధిలో నిలబడి డ్రైవరును, రోడ్డును, గవర్నమెంటును వరసగా తిడుతుంటే, ఎదురు అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన, "తిట్టింది చాల్లే. ముక్కలు ఇట్ట తే" అన్నాడు.

ఆయన పేరు మస్తాన్ సాయిబు. ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే ఇళ్ళు చాలా ఉన్నాయి. కొండ మీద దొరికే నర్ది కొయ్యతో చేస్తారు. నేను చూసిన చెంచాల్లో కొన్నిటి కాడ చివర చేప, కొన్నిటికి ఆకు. ఫోర్కు కూడా చెక్కుతారు. ఫోర్కుతో తిన్నవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు గానీ, దాని పళ్ళు మాత్రం దువ్వెన పళ్ళంత సన్నగా, సమంగా వస్తాయి. ఒక్కోటి రెండణాలు.

సాయిబు స్టాండు ముక్కలను ముట్టుకోను కూడా లేదు. ఒకసారి చూసి పక్కన పడేసి, "ఇది దేనికి?" అని అడిగాడు. చెప్పాను.

"అంటే ఎండ జరిగే కొద్దీ అద్దం దాని ఎంబడి పోవాల. పైకీ కిందకీ, పక్కకీ."

"అవును."

"మరి నీది పక్కకే పొయ్యేది. పైకి ఎట్ట లేపేవాడివి?"

"కింద రాయి పెట్టేవాణ్ణి" అన్నాను.

"సైన్సు అయ్యోరివా నువ్వు?" అని ఒక్క మాట అని, పని మొదలుపెట్టాడు. నాకు మొహం చెల్లలేదు. సాయంత్రానికి రెండు చేతులున్న కొత్త స్టాండు తయారైంది. అద్దం రెండు కొయ్య మేకుల మధ్య వేలాడుతూ, వేలితో ముడితే ఎటు కావాలంటే అటు తిరిగి అక్కడే ఆగేది. ఒక్క ఇనుప మేకు లేదు. సాయిబు దానికి మూడు రూపాయలు తీసుకున్నాడు. ఇంకా ఇవ్వబోతే, "జాస్తి వద్దు. దాంతో ఆ బొమ్మ ఆడిందో లేదో వచ్చి చెప్పిపో" అన్నాడు.

వరికుంటపాడు దారిలో ఒక పల్లె

మరునాడు బండి కట్టించుకుని వరికుంటపాడు దారిన పోయి, మధ్యలో కొండ వైపు తిరిగాము. ముప్పై ఇళ్ళ పల్లె. అందరూ గొర్రెల వాళ్ళే. మా వైపు ఇంటికి మనిషి వస్తే 'భోజనమైందా' అంటాము. అక్కడ బండి ఆగగానే ఒకామె చెంబు తెచ్చి, "ముందు నీళ్ళు తాగండి, మాటలు ఆనక" అంది. ఆ నీళ్ళు మైలు దూరం నుంచి మోసుకొచ్చినవని తర్వాత తెలిసింది. తెలిశాక నేను కాళ్ళు కడుక్కోవడం తగ్గించాను.

ఆమె పేరు పెంచలమ్మ. అరవై ఏళ్ళుంటాయి. భర్త లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా మంద. ఆ పల్లెకు పెద్ద అయిన మాలకొండయ్య ఆమె తమ్ముడు. రెండేళ్ళుగా తొలకరి రాగానే ఆమె మందలో సగం పోతోందని రంగనాథం దారిలోనే చెప్పాడు.

"ఎన్ని మిగిలాయవ్వా?" అని నేను అడిగాను. మాట వరసకు అడిగానంతే. చెంబు అందుకుంటున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

మాలకొండయ్య నా వైపు ఎగాదిగా చూశాడు. "గొర్రెల్ని ఎంచి బయటోళ్ళకి చెప్పేది లేదు అయ్యోరా. దేవుడిచ్చినన్ని ఉండాయి, పో" అన్నాడు.

మందును ఎంతమందికి సర్దాలో తెలియాలంటే డాక్టరుకు లెక్క కావాలి. కానీ అక్కడ సొంత మేనల్లుడికి కూడా మంద లెక్క చెప్పరట. చెప్తే ఆ లెక్క తగ్గుతుందని నమ్మకం. ఉదయం మందను వదిలేటప్పుడు వాళ్ళు లెక్క పెట్టరు, మొహాలు చూసుకుంటారు. ఏది లేకపోయినా తెలిసిపోతుంది. ఒక్కొక్కరి మందకు ఒక్కో చెవి గుర్తు. ఒకరిది కొన చీలిక, ఒకరిది పక్కన గంటు, ఒకరిది రెండు చెవులకూ చిల్లు.

మధ్యాహ్నం పెంచలమ్మ ఇంట్లో సజ్జ సంగటి, గోంగూర, ఎర్రగడ్డ. నేను సంగటిని అన్నంలా నమలబోయాను. "నమలబాక, మింగు" అంది. మింగితే గొంతులో నిలిచింది. మళ్ళీ ఆ మైలు దూరపు నీళ్ళే తాగాల్సి వచ్చింది. రంగనాథం తలుపు దగ్గర కూర్చుని టీకా గురించి చెప్తుంటే, ఆమె చాలాసేపు విని, "వానొస్తాదంటే ఊరంతా సంతోషం. నాకు గుండె దడ. వానొచ్చేది నాకోసం కాదు, నా గొర్రెల కోసం వస్తా ఉండాది అనిపిస్తాది" అంది. ఆ మాట అన్నాక కూడా సూదికి ఒప్పుకోలేదు. తమ్ముడు ఎట్లా అంటే అట్లా అంది.

కంబళ్ళ చీకటి

ఆ పల్లెలో రాతి గోడల గది ఒక్కటే ఉంది, పాత ధాన్యం కొట్టు. తలుపు లేదు, పైకప్పు నిండా సందులు. చీకటి ఎట్లా చేయడమని నేను తల పట్టుకుంటే మాలకొండయ్య నవ్వి, "సినిమాకి వచ్చేవాడు వాడి కంబళి వాడు తెచ్చుకోవాల" అని కేక వేశాడు. అదే టికెట్టు. నలభై కంబళ్ళు వచ్చాయి. కప్పు మీద, వాకిలికి, గోడ సందుల్లో కూరారు. వానను ఆపే ఆ నల్ల కంబళ్ళు వెలుగునూ ఆపాయి. మా స్కూల్లో నల్ల కాగితాలు అంటించి ఎన్నడూ సాధించని చీకటి అది. గాలి కూడా ఆగిపోయింది. జూన్ ఎండ, నలభై మంది మనుషులు, ముతక ఉన్ని వాసన. గోడకు రంగనాథం పంచె కట్టాము. బయట అద్దం దగ్గర వాడు నిలబడ్డాడు.

మొదట నీళ్ళ రీలు. ఒక నీటిబొట్టులో ఈదే, ఒకదాన్నొకటి మింగే పురుగులు పంచె మీద గుమ్మడికాయలంత అయ్యాయి. అందరూ నోళ్ళు తెరిచారు.

"ఇయ్యి మా కుంటలోవేనా?" అన్నాడు మాలకొండయ్య.

"అన్ని కుంటల్లోనూ ఉంటాయి" అన్నాను మర తిప్పుతూనే. "ఇట్లాంటివే కొన్ని గొర్రె కడుపులో పెరిగి చంపుతాయి."

"రోజూ తాగతానే ఉండామే, మాకేం కాలా" అని ఎవరో అన్నారు. నవ్వులు. కానీ మంచి నవ్వులే. రీలు అయిపోయేసరికి వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. బయట నుంచి రంగనాథం, "ఇక చాలు, రారా బయటికి. సూది సంగతి మాట్లాడదాం" అన్నాడు.

వాడి మాట విని ఉంటే సరిపోయేది. కానీ గొప్ప నా తలకెక్కింది. గొర్రెల వాళ్ళకు గొర్రెల సినిమా చూపించకుండా ఎట్లా పోతాను? నా దగ్గర ఆస్ట్రేలియా దేశపు గొర్రెల రీలు ఉంది. "ఇంకొక్కటి" అని ఎక్కించేశాను.

వేల గొర్రెలు ధూళి లేపుకుంటూ వస్తుంటే గది గదంతా ఈలలు వేసింది. తర్వాత ఒక పెద్ద మనిషి ఒక గొర్రెను కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, పొట్ట దగ్గర మిషను కత్తెర పెట్టి ఉన్ని తీయడం మొదలుపెట్టాడు. అక్కడ నాకు తెలియని సంగతి ఒకటి ఉంది. వరి పొలాల్లో పెరిగిన నాకు గొర్రె అంటే గొర్రే. వాళ్ళ గొర్రెలకు ఉన్ని ఉండదు. మేకకు ఉన్నట్టు పొట్టి వెంట్రుకలు. ఆ కంబళ్ళు బద్వేలు వైపు నుంచి కొనుక్కున్నవి. అక్కడ నల్ల గొర్రెల బొచ్చు కత్తిరిస్తారని విన్నారు గానీ, చూసినవాళ్ళు లేరు. ఇక్కడ తెర మీద, ఒకే దుప్పటిగా, ఎక్కడా తెగకుండా, గొర్రె ఒంటి మీది నుంచి మొత్తం ఊడి వస్తోంది. లోపల తెల్లటి బోడి ఒళ్ళు.

"తోలు ఒలస్తా ఉండాడు! ప్రాణంతో ఒలస్తా ఉండాడు!" అని ఒక ఆడమనిషి గట్టిగా ఏడ్చింది.

"ఆపరా!" అని మాలకొండయ్య అరిచాడు.

ఇరవై ఏళ్ళుగా హెడ్మాస్టర్ల గొంతు విన్నవాణ్ణి. ఆపాను. ఆగిన గొర్రె మీద ఎండంతా ఒకచోట పడింది. దాని నడుము దగ్గర గోధుమరంగు మచ్చ ఒకటి పుట్టి, బొబ్బలెక్కి, పెద్దదై, గొర్రె గొర్రెంతా కరిగిపోయింది. ఫట్‌మని రీలు తెగింది. పంచె మీద ఉత్త ఎండ మిగిలింది.

అందరూ తోసుకుంటూ బయటికి పోయారు. మాలకొండయ్య కంబళి లాగి భుజాన వేసుకుని నా ముందు నిలబడ్డాడు. "గొర్రెని ఒలిచి, కాల్చి, మాకు చూపించేదానికి ఇంత దూరం వచ్చినారా? మీ సూది కూడా ఇందుకేనా? రేపు పొద్దున్నే మందలు కొండకి తోలతాం" అన్నాడు.

"అది చావలేదయ్యా, లేచి పోతుంది, మిగతా రీల్లో ఉంది" అని నేను వెంటపడ్డాను. ఎవరూ వినలేదు. రంగనాథం అద్దం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

భూతద్దంలో చెవి

తెల్లవారి నేను లేచేసరికి పెంచలమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. "ఆ గొర్రె ఏమైనాది? అది చెప్పు ముందు" అంది.

"బతికే ఉందవ్వా."

"నోటితో చెప్పబాక. చూపీ."

తెగిన రీలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఎండకు ఎత్తి పట్టి చూడమన్నాను. నా భూతద్దం ఇచ్చాను. ఆమె ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "ఏందిది, గడి గడికీ అదే గొర్రె ఉండాది. కదల్లా" అంది. అవి కదలవని, ఒక్కొక్క గడి కొంచెం కొంచెం తేడాగా ఉంటుందని, వేగంగా తిప్పితే కదిలినట్టు కన్ను మోసపోతుందని చెప్పాను. మా పిల్లలకు ఇది చెప్పడానికి నాకు ఒక పీరియడు పడుతుంది. ఆమెకు ఒక్క నిమిషం చాలింది. "అంటే దాని నడక ముక్కలు ముక్కలు కోసి పెట్టినారు" అంది.

వేలితో ఒక్కో గడి జరుపుతూ పోయింది. కాలిన చోటు దాటింది. ఒకచోట ఆగి, వెనక్కి పోయి, మళ్ళీ ముందుకు వచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది.

"చెవి చూడు అయ్యోరా. ఎడం చెవి కొనన చీలిక. బొచ్చు తియ్యక ముందు ఉండాది. తీసినాక లేచి నిలబడిందే, దానికీ ఉండాది. అదే గొర్రె ఇది. మార్చలా."

నేను వంద సార్లు చూసిన రీలు అది. ఆ గొర్రెకు చెవి ఉందన్న సంగతే నేను ఎన్నడూ గమనించలేదు.

"దీన్ని అతికించేదానికి ఏం కావాల?" అని అడిగింది. అతికించే మందు నా దగ్గర లేదు. ఆమె లోపలికి పోయి సన్న దారం, తుమ్మ ముల్లు తెచ్చింది. రెండు కొసల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచున ఉన్న కంతలు కంతలకు సరిగ్గా కలిసేట్టు సర్ది, ముల్లుతో పొడిచి కుట్టింది. గొర్రె గాయాలు కుట్టిన చెయ్యి. కొసలు సరిచేసినప్పుడు రెండు గళ్ళ ముక్క మిగిలింది. బోడి గొర్రె లేవబోతున్న గళ్ళు. "ఇది నాకియ్యి" అని కొంగున ముడి వేసుకుంది.

తర్వాత తమ్ముడి వాకిటికి పోయింది. మందలు అప్పటికే దొడ్ల నుంచి బయటికి వస్తున్నాయి. "మాలకొండా, మజ్జానం దాకా ఆగు. నేను చూసినాను, అది బతికుండాది" అంది.

"వాళ్ళు చెప్పేది నమ్ముతావా అక్కా?"

"వాళ్ళు చెప్పేది కాదు, చెవి. నువ్వూ వచ్చి చెవి చూడు. అప్పుడు కూడా కాదంటే నీ ఇష్టం."

ఆ మాట మీద ఆయన ఆగాడు. చెవి గుర్తు మాటెత్తాక ఆగకుండా పోవడం ఆ పల్లెలో పెద్దకు కుదరదు.

మబ్బు

తీరా అంతా సిద్ధమయ్యాక మబ్బు పట్టింది. పడమటి కొండల మీద నల్లగా, నింపాదిగా వచ్చింది. ఆ పల్లెలో అందరూ దానికోసం మూడు నెలలుగా చూస్తున్నారు. నేనొక్కణ్ణే దాన్ని తిట్టాను. రంగనాథం ఫ్లాస్కు మూత తీసి చూసి, మళ్ళీ బిగించాడు. ఐసు రేగుపండంత మిగిలిందట. మరో పూట దాటితే మందు నేల పాలే.

కంబళ్ళన్నీ మళ్ళీ కప్పారు. అందరూ లోపల కూర్చున్నారు. చీకట్లో నలభై మంది, ఆడని సినిమా. పదకొండు అయింది, పన్నెండు అయింది. ఎవరో లేచి పోబోతే పెంచలమ్మ, "కూచో" అంది. అంతటి చమటలో ఆ మాట విని మళ్ళీ కూర్చున్నారు.

"వచ్చిందిరా! తిప్పు!" అని బయట నుంచి రంగనాథం కేక.

మబ్బు సందులోంచి ఎండ. నేను మర అందుకున్నాను. పంచె మీద గొర్రె కూర్చుంది. పొట్ట దగ్గర ఉన్ని విడిపోయింది. ఒళ్ళు బయటపడింది. ఈసారి నేను మర ఆపలేదు. కుట్టు వచ్చిన చోట మర టకటకమని ఎగిరింది, బొమ్మ పైకి దూకి కిందికి వచ్చింది. ఒక్క క్షణం పోయిందే అనుకున్నాను. మస్తాన్ సాయిబు స్టాండు బయట అంగుళం కూడా కదల్లేదు, కుట్టు దాటిపోయింది. గొర్రె లేచింది. ఒళ్ళు దులుపుకుంది.

"చెవి! ఎడం చెవి చూడండి!" అని పెంచలమ్మ అరిచింది.

నలభై మంది ఆ చెవి మీదకు వంగారు. చీలిక ఉంది. బోడి గొర్రె ఒక్క గెంతు గెంతి, దడి సందులోంచి మందలోకి పరుగెత్తింది. వెంటనే వెలుగు ఆరిపోయింది. మబ్బు మళ్ళీ మూసుకుంది.

తర్వాత చీకట్లోంచి మాలకొండయ్య గొంతు, "మరి దానికి చలెయ్యదా?" అంది. గది అంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వాను, కళ్ళ నీళ్ళు వచ్చాయి. నవ్వుకే వచ్చాయని ఇప్పుడు అనను.

సూది

"సూది ముందు ఎవురి మందకి?" అన్నాడు మాలకొండయ్య బయటికి వచ్చి.

"నాదానికి" అంది పెంచలమ్మ.

అప్పుడు నాకు భయం వేసింది. ఆమెను పక్కకు పిలిచాను. "అవ్వా, నిజం చెప్తాను. ఉన్ని తీయడానికీ ఈ సూదికీ ఏ సంబంధమూ లేదు. నా సినిమా చూసి నువ్వు ఒప్పుకోవద్దు. డాక్టరు మాట మీద ఒప్పుకోవాలి" అన్నాను.

ఆమె నా వైపు చిత్రంగా చూసింది. "సూది సంగతి నాకేం తెలస్తాది? మీరు అబద్ధం చెప్పే మనుషులా కాదా అని చూసినా. చెవి మార్చలేదు మీరు. అంతే" అంది.

రంగనాథం మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గొర్రెకూ సూది వేశాడు. పెంచలమ్మ ఒక్కోదాన్ని పట్టి ఇచ్చింది, పేరు పెట్టి పిలిచి మరీ ఇచ్చింది. వాడి పెదవులు కదులుతుంటే ఆమె మొహం అటు తిప్పుకుంది. వాడు లెక్క పెడుతున్నాడని ఆమెకు తెలుసు. వాడు పైకి అనలేదు. తర్వాత నన్ను పక్కకు తీసుకుపోయి చెవిలో చెప్పాడు: నలభై మూడు.

సాయంత్రానికి మాలకొండయ్య మంద, ఇంకో నాలుగు మందలు అయ్యాయి. మందు అయిపోయింది. మిగిలిన వాళ్ళకు మరో దఫా వస్తామని చెప్పాము. "పదిహేను రోజులు కొత్త గడ్డికి తోలొద్దు, పాత మేతే వెయ్యండి" అని రంగనాథం పదిసార్లు చెప్పాడు. బండి కదిలేసరికి చినుకు మొదలైంది. ఊరంతా బయటికి వచ్చి మొహాలు పైకెత్తింది. పెంచలమ్మ ఒక్కతే దొడ్డి దగ్గర, గొర్రెల మధ్య నిలబడి ఉంది. నేను చెయ్యి ఊపాను. ఆమె చూడలేదు.

తిరుగు దారిలో ఉదయగిరిలో ఆగి మస్తాన్ సాయిబుకు చెప్పాను. "పైకీ కిందకీ పోయిందా?" అని ఒక్కటే అడిగాడు. పోయిందన్నాను. ఒక చేప చెంచా తీసి చేతిలో పెట్టాడు. రెండణాలు ఇవ్వబోతే విసుక్కున్నాడు.

ఇంటి దగ్గర

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మా వైపు నాట్లు ముందే వేశారు. అందరూ సంతోషంగా ఉంటే నేను రాత్రి చూరు నీళ్ళు వినపడగానే లేచి కూర్చునేవాణ్ణి. మా ఆవిడ అడిగితే ఉక్కపోత అని చెప్పేవాణ్ణి. పెంచలమ్మకు ఉన్నదల్లా ఆ మంద, నేను చూపించిన ఒక చెవిని నమ్మి దాన్ని సూది కింద పెట్టింది. రంగనాథానికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

దసరా సెలవులకు వాడే వచ్చాడు. కాళ్ళు కడుక్కోకముందే అడిగాను.

"సూది అందని మందల్లో చిటుకు వచ్చింది. చాలా పోయాయి" అన్నాడు. "మనం సూది వేసిన వాటిల్లో ఒక్కటీ పోలేదు. ఇప్పుడు వాళ్ళే బండి కట్టి పంపిస్తున్నారు, ఎప్పుడొస్తావని. మాలకొండయ్య పక్క ఊళ్ళకు పోయి చెప్తున్నాడు."

నేను అరుగు మీద వాడి పక్కన కూర్చున్నాను. మా ఆవిడ ఇద్దరికీ కాఫీ తెచ్చింది. వాడు గ్లాసు అందుకుని, ఏదో గుర్తు వచ్చినట్టు నుదురు చిట్లించాడు.

"పెంచలమ్మ నీకు ఒక మాట చెప్పమంది. నాకైతే తల తిరిగింది. మంద లెక్క చెప్పింది, తన నోటితో. వాకిట్లో అందరి ముందూ. 'అయ్యోరికి చెప్పు, నలభై నాలుగు ఉండాయి' అంది. గొర్రెలు ఇంకా ఈనలేదు. నేను సూది వేసింది నలభై మూడింటికే గదా. ఆ ఇంకోటి ఎక్కడిదిరా?"

నేను కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టాను.

"దానికి సూది అక్కర్లేదు" అన్నాను. "అది ఆమె కొంగున ఉంది."